పంట అంచనాలు, ధాన్యం ధరలు: రైతు అనుమానానికి ఉన్న ఆధారం

2022 ఫిబ్రవరి 16న కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన రెండవ ముందస్తు అంచనాలో ఆ రబీ గోధుమ ఉత్పత్తి 1113.2 లక్షల టన్నులుగా చూపబడింది. అప్పటికి దేశ చరిత్రలో అంతటి అంకె లేదు. నెల తిరిగేసరికి ఉత్తరాదిన ఎండలు ముదిరాయి. ఆ మార్చిలో దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 33.1 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. వాతావరణ శాఖ వద్ద ఉన్న 122 సంవత్సరాల లెక్కలలో మార్చి నెలకు అదే అత్యధికం. గోధుమ గింజ పాలు పోసుకొని గట్టిపడే దశ అది. ఆ దశలో వేడి సోకితే గింజ నిండే కాలం కుదించుకుపోయి బరువు తగ్గుతుందన్నది సస్యశాస్త్ర విద్యార్థులందరూ చదువుకునే పాఠమే. పంజాబ్, హర్యానా రైతుకు ఆ పాఠంతో పని లేకపోయింది. కంకి నలిపి చూస్తే ముడుచుకుపోయిన గింజ అరచేతిలో పడుతూనే ఉన్నది.

కేంద్రం మే 13 రాత్రి గోధుమ ఎగుమతులను నిషేధించింది. ఉత్పత్తి 1064.1 లక్షల టన్నులకు తగ్గిందని తెలిపే మూడవ అంచనా మే 19న వెలువడింది. అనగా, సవరించిన అంకె కన్నా ఆ అంకె పర్యవసానం ఆరు రోజులు ముందుగా రైతు ఇంటికి చేరింది.

ఈ ఆరు రోజుల తేడాను గణాంక శాఖలు చిన్న విషయంగా భావించవచ్చు. రైతు అలా భావించడు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై ప్రపంచ విపణిలో గోధుమ ధర ఎగసింది. మద్దతు ధర క్వింటాలుకు 2,015 రూపాయలు ఉండగా ప్రైవేటు వ్యాపారులు అంతకు మించి చెల్లించి కొన్నారు. ఒకవైపు పంట తగ్గడం, మరోవైపు వ్యాపారి ఎక్కువ ధర ఇవ్వడం వల్ల ప్రభుత్వ సేకరణ అంతకుముందు ఏడాదిలోని 433 లక్షల టన్నుల నుంచి 188 లక్షల టన్నులకు పడిపోయింది. ముడుచుకుపోయిన గింజల పరిమితిని 6 శాతం నుంచి 18 శాతానికి సడలించినా సేకరణ పుంజుకోలేదు. ఎకరా దిగుబడి తగ్గినా ధర రూపంలో కొంత నష్టం పూడుతుందని రైతు ఆశించిన తరుణంలో ఎగుమతి ద్వారం మూసుకుపోయింది.

తెలుగు రాష్ట్రాల వరి రైతుకు ఇటువంటి అనుభవమే మరుసటి ఏడాది ఎదురైంది. 2023 మే నెలలో వెలువడిన మూడవ అంచనా దేశ బియ్యం ఉత్పత్తిని 1355.4 లక్షల టన్నులుగా, రికార్డుగా ప్రకటించింది. రెండు నెలలు తిరగకముందే, జూలై 20న, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులపై నిషేధం వచ్చింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం పడింది. ఎల్‌నినో భయం నిరాధారమైనది కాదు. ఆ ఆగస్టులో కురిసిన వర్షం 1901 తర్వాత ఆ నెలకు అత్యల్పం. అయినప్పటికీ 2023-24 తుది లెక్కలో బియ్యం ఉత్పత్తి 1378 లక్షల టన్నులు దాటి మళ్లీ కొత్త రికార్డు నమోదైంది. ప్రపంచ విపణిలో బియ్యం ధర పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరిన కాలంలో కాకినాడ రేవు నుంచి తెల్ల బియ్యం వ్యాపారం నిలిచిపోయింది. నిషేధం తొలగినది 2024 సెప్టెంబరు 28న.

ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూసిన రైతు వేసే ప్రశ్న సరళమైనది: పంట రికార్డు స్థాయిలో ఉంటే ఎగుమతి ఎందుకు ఆపాలి? పంట తక్కువైతే ధర పెరగనీయకుండా ఎందుకు అడ్డుపడాలి? గ్రామసభలలో, రైతు శిక్షణ తరగతులలో విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. దానికి సాధారణంగా లభించే సమాధానం రెండు రకాలు. ‘అంచనాలు శాస్త్రీయ పద్ధతిలో తయారవుతాయి, అనుమానించవలసిన పని లేదు’ అన్నది ఒకటి. ‘అది మన పరిధిలోని అంశం కాదు’ అన్నది రెండవది. మొదటిది పూర్తి నిజం కాదు. రెండవది నిజమే అయినా, అడిగిన వాడిని ఖాళీ చేతులతో పంపుతుంది.

రైతుల ఆరోపణలో రెండు పొరలున్నాయి. వాటిని విడదీసి చూడాలి. ధరలను అణచడానికే అంకెలను ఉద్దేశపూర్వకంగా పెంచి రాస్తున్నారన్నది పై పొర. లభ్యమైన సాక్ష్యం దీనిని బలపరచదు. గోధుమ అంకెను తగ్గించినది మంత్రిత్వ శాఖే. 2023-24 ఖరీఫ్ బియ్యానికి తొలి అంచనా 1063 లక్షల టన్నులు కాగా, తుది లెక్క 1130 లక్షల టన్నులు దాటింది. ఒకచోట పొరపాటు హెచ్చుగా, మరొకచోట తగ్గుగా ఉన్నది. కుట్ర ఉంటే ఒకే దిశలో ఉండవలసినది. 2022-23 గోధుమ విషయంలో వ్యాపార వర్గాల లెక్కలకు, అధికారిక లెక్కకు మధ్య పెద్ద అంతరం ఉన్నమాట వాస్తవం. అయితే వ్యాపారి లెక్కకు కూడా స్వప్రయోజనం ఉంటుందని రైతుకు వేరే చెప్పనవసరం లేదు.

లోపలి పొర వేరు. అంచనా ఏ వైపు తప్పినా నష్టం ఒకే వైపుకు చేరుతుందన్నది ఆ ఫిర్యాదు. ఇందులో బలమున్నది. అంచనా ఎక్కువగా వెలువడితే మిల్లరు, టోకు వ్యాపారి నిల్వ పెట్టుకోవడానికి తొందరపడరు. కోత ముగిసిన కొద్ది వారాలలోనే అమ్ముకోక తప్పని చిన్న రైతు ఆ తగ్గిన ధరకే అమ్ముతాడు. తర్వాత అంకె సవరణ జరిగినా, అప్పటికి సరుకు అతని చేతిలో లేదు. అంచనా తక్కువగా వెలువడితే, లేదా తక్కువ కావచ్చునన్న భయం కలిగితే, ఎగుమతి నిషేధం, నిల్వ పరిమితి, ప్రభుత్వ నిల్వల బహిరంగ విక్రయం వరుసగా వస్తాయి. 2023 జనవరిలో 30 లక్షల టన్నుల గోధుమను బహిరంగ విపణిలోకి వదలాలన్న నిర్ణయం, జూన్ 12న పదిహేనేళ్ల విరామం తర్వాత గోధుమపై విధించిన నిల్వ పరిమితి అటువంటివే. 80 కోట్ల మందికి రేషను ఇవ్వవలసిన ప్రభుత్వానికి ఈ చర్యలు అవసరమే కావచ్చు. వినియోగదారునికి లభించిన ఆ రక్షణ ఖర్చును ఎవరు భరించారన్నదే రైతు అడుగుతున్న విషయం.

అపరాల చరిత్ర మరీ కఠినమైనది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల వరకు పలికింది. దిగుమతులకు ఒప్పందాలు జరిగాయి, మద్దతు ధర బోనస్‌తో కలిపి 5,050 రూపాయలకు పెరిగింది, రైతులు కంది విస్తీర్ణాన్ని విరివిగా పెంచారు. 2015-16లో 25.6 లక్షల టన్నులున్న కంది ఉత్పత్తి 2016-17లో 48.7 లక్షల టన్నులైంది. విస్తీర్ణం పెరిగిన సంగతి ఖరీఫ్ మొదటి అంచనా నాటికే కనబడుతున్నది. అయినా కంది దిగుమతులపై ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి విధించినది 2017 ఆగస్టులో. అప్పటికి రైతు మద్దతు ధర కన్నా దిగువన అమ్ముకొని, మరుసటి పంటకు విత్తనం కూడా వేసేశాడు. ఆర్థికశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతంగా బోధించే ఈ వలయంలో రైతు తప్పటడుగు వేశాడని పాఠ్యపుస్తకాలు అంటాయి. అంకె చేతిలో ఉండి కూడా ఆలస్యంగా కదిలిన వారి మాట వాటిలో కనిపించదు.

ఇక అంచనా తయారయ్యే తీరు. ‘పదహారణాల పంట’ అన్న నానుడి తెలుగునాట నేటికీ వినిపిస్తుంది. బ్రిటిష్ పాలనలో గ్రామాధికారి పొలాన్ని కంటితో చూసి, సాధారణ పంటతో పోల్చి ఇన్ని అణాలని రాసేవాడు. సాధారణ పంట అంటే ఒక ప్రాంతంలో పదహారణాలు, మరొక ప్రాంతంలో పన్నెండణాలు. ఈ కంటి లెక్కకు బదులుగా 1920 దశకంలో బిహార్-ఒరిస్సా ప్రాంతంలో హబ్బక్ అనే అధికారి యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల పంట కోసి తూచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దానిని బెంగాల్‌లో మహలనోబిస్, భారత వ్యవసాయ పరిశోధన మండలిలో పి.వి. సుఖాత్మే వేర్వేరు దారులలో అభివృద్ధి చేశారు. వారిద్దరి మధ్య నడిచిన వాదం ఈనాటి చర్చకు నేరుగా సంబంధించినది. కోత గడి చిన్నదైతే సరిహద్దు మీది మొక్కలు లోపలికి చేరి దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుందని సుఖాత్మే నిరూపించారు. ‘అంకె పెంచి రాశారు’ అని రైతు నేడు అంటున్న మాటకు ఇది ఎనభై ఏళ్ల నాటి శాస్త్రీయ పూర్వరూపం.

నేడు వరిలో పంట కోత ప్రయోగానికి సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గడిని తీసుకుంటారు. 20×15 సెంటీమీటర్ల ఎడంలో నాటిన పొలంలో ఆ గడిలో సుమారు 830 కుదుళ్లుంటాయి. తాడు ఒక పక్క ఒక వరుస అవతలికి జరిగితే 33 కుదుళ్లు అదనంగా చేరుతాయి. అది 4 శాతం. 2022లో గోధుమ అంచనాలో జరిగిన సవరణ 4.4 శాతం మాత్రమేనని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తూకంలో 100 గ్రాముల తేడా హెక్టారుకు 40 కిలోల తేడాగా మారుతుంది. పచ్చి గింజ తూచి, ఆరిన తర్వాత తూచకుండా వదిలివేస్తే తేడా మరింత పెరుగుతుంది. ఆ తాడు పట్టుకునేది అనేక పనుల ఒత్తిడిలో ఉన్న క్షేత్ర సిబ్బంది. కోత తేదీ ముందుగా తెలియక, రైతు యంత్రం రప్పించుకొని కోసేసిన తర్వాత పొలానికి చేరుకొనే ఇబ్బంది కూడా వారికి తెలిసినదే. ఈ లోపాలను పట్టుకోవడానికే 1970 దశకం నుంచి పంట గణాంకాల మెరుగుదల పథకం కింద నమూనా తనిఖీలు జరుగుతున్నాయి. 2011లో ఎ. వైద్యనాథన్ అధ్యక్షతన గల నిపుణుల సంఘం కూడా తక్కువ నమూనాలు తీసుకొని ప్రతిదానినీ శ్రద్ధగా చేయడం మేలని చెప్పింది. ఎక్కువ ప్రయోగాలు, తక్కువ పర్యవేక్షణ అన్న ధోరణి మాత్రం బీమా అవసరాల వల్ల ఇంకా పెరిగింది.

కాలం విషయం మరొకటి. ఫిబ్రవరిలో అంచనా వెలువడే నాటికి గోదావరి డెల్టాలో దాళ్వా వరి పిలకల దశలో ఉంటుంది. తెలంగాణ యాసంగి వరి కూడా అంతే. కోయని పంటకు కోత ప్రయోగం ఉండదు. అప్పటి అంకె నాటిన విస్తీర్ణం, గత సంవత్సరాల దిగుబడి, పంట స్థితిపై వచ్చిన నివేదికలు, ఉపగ్రహ చిత్రాలు కలిసి ఇచ్చిన ఊహ. ఆ ఊహ తప్పేమీ కాదు. అయితే అది వార్తగా మారే సరికి ‘అంచనా’ అన్న మాట చిన్న అక్షరాలకు, ‘రికార్డు’ అన్న మాట పెద్ద అక్షరాలకు పోతున్నది. పైగా వరి లెక్క బియ్యంలో ఉంటుంది. రైతు చూసేది వడ్లు. మూడు వంతుల వడ్లకు రెండు వంతుల బియ్యమన్న మార్పిడి తెలియనివారికి జాతీయ అంకె తమ పొలంతో పొసగదు. ఈ చిన్న సంగతిని వివరించే కరపత్రం ఎక్కడా కనబడకపోవడం ఆశ్చర్యమే.

పంట కోత ప్రయోగం నేడు ఒకే పనికి ఉపయోగపడటం లేదు. ఫసల్ బీమా అమలులో ఉన్న చోట గ్రామ సగటు దిగుబడి గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు ఆధారంగా నిర్ణయించిన ప్రమాణం కన్నా తగ్గితేనే పరిహారం వస్తుంది. కనుక గడిలో దిగుబడి తక్కువ రావాలని గ్రామం కోరుకుంటుంది. అదే రైతు కందులో, శనగలో కొనుగోలు కేంద్రానికి తెచ్చినప్పుడు ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే కొంటామన్న పరిమితి ఉంటుంది. ఆ పరిమితికి ఆధారం అధికారిక సగటు దిగుబడి. 2018 నాటి ప్రధానమంత్రి ఆశా మార్గదర్శకాలలో అపరాలు, నూనెగింజల సేకరణను రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతానికి పరిమితం చేశారు. తర్వాత కంది, మినుము, మసూరులకు ఆ పరిమితి సడలింది. అక్కడ అంకె ఎక్కువగా ఉండటమే రైతుకు లాభం. విపణి ధర దృష్ట్యా మాత్రం జాతీయ అంకె తక్కువగా ఉండటం లాభం. ఒకే 25 చదరపు మీటర్ల నేల నుంచి ముగ్గురు యజమానులు మూడు వేర్వేరు జవాబులు ఆశిస్తున్నారు. ఈ పరిస్థితిలో గడి చుట్టూ నిలబడిన గ్రామస్థుల మీద, తాడు పట్టిన ఉద్యోగి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో విస్తరణ విద్యార్థులు స్వయంగా ఒక కోత ప్రయోగానికి హాజరైతే తెలుస్తుంది. పాఠ్యప్రణాళికలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ఉన్నది కాబట్టి అందుకు అవకాశం కొత్తగా కల్పించవలసిన పని లేదు.

అంచనాతో పాటు దోష పరిమితిని కూడా ప్రకటిస్తే అవిశ్వాసం పోతుందని కొందరు గణాంక నిపుణులు భావిస్తారు. అమెరికా అనుభవం ఆ నమ్మకాన్ని కొంత సడలిస్తుంది. అక్కడి వ్యవసాయ శాఖ ప్రతి పంట నివేదికలోనూ గత అంచనాలు తుది లెక్కకు ఎంత దూరంలో ఉన్నాయో ముద్రిస్తుంది. విడుదల సమయం వరకు సిబ్బందిని తాళం వేసిన గదులలో ఉంచుతుంది. 1905లో పత్తి అంచనా బయటికి పొక్కిన కుంభకోణం తర్వాత వచ్చిన కట్టుబాటు అది. అయినా 2019 ఆగస్టు 12న మొక్కజొన్న దిగుబడి ఎకరాకు 169.5 బుషెళ్లని ప్రకటించగానే షికాగో విపణిలో ధర ఆ రోజు అనుమతించిన పరిమితి మేరకు పడిపోయింది. వసంతంలో వానల వల్ల నాట్లు ఆలస్యమైన పొలాలను కళ్లారా చూసిన రైతులు ఆగ్రహించారు. ఒక ఉద్యోగికి బెదిరింపు రావడంతో, పంట పరిశీలన యాత్ర నుంచి ప్రభుత్వ సిబ్బందిని వెనక్కి పిలిపించవలసి వచ్చింది. చివరికి ఆ దిగుబడి 2 బుషెళ్లు మాత్రమే తగ్గింది. అంకె పెద్దగా తప్పలేదు, రైతు నష్టపోలేదని కూడా అనలేము. పారదర్శకత కోపాన్ని చల్లార్చదు, కోపానికి గల కారణాన్ని లెక్కించగలిగేలా మాత్రం చేస్తుంది. భారతదేశంలో ఆ పాటి సౌకర్యం కూడా రైతు వరకు రాలేదు.

కనుక విస్తరణ వ్యవస్థ చేయగలిగిన పని అంకెను సమర్థించడం కాదు. ఫిబ్రవరి అంకెకు, మే అంకెకు, తుది అంకెకు మధ్య తేడా ఎంత ఉంటూ వచ్చిందో గత పదేళ్ల పట్టికను ఒక పుటలో, వరికి, మొక్కజొన్నకు, కందికి విడివిడిగా తెలుగులో అచ్చువేయడం కష్టమైన పని కాదు. ఆ అంకెలన్నీ ఇప్పటికే ప్రచురితమైనవే. ముందస్తు అంచనాను చూసి నిల్వ పెట్టమని గానీ, అమ్మమని గానీ సలహా ఇవ్వడం మాత్రం మానుకోవాలి. పిలకల దశలోని పంట మీద వేసిన ఊహను ఆధారంగా చేసుకొని రైతు గిడ్డంగి నిర్ణయం తీసుకోరాదు.

రెండవ పని పైకి వెళ్లవలసిన సమాచారానికి సంబంధించినది. 2022 మార్చి చివరలో గింజ ముడుచుకుపోయిన సంగతి పంజాబ్ గ్రామాలలో అందరికీ తెలుసు. దానిని అధికారిక లెక్క అంగీకరించడానికి మే నెల వచ్చింది. కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు గింజ నిండే దశలో పది పొలాలలో వెయ్యి గింజల బరువు తూచి, గత ఏటి బరువుతో పోల్చి, వారం వారం పంపితే ఆ ఆలస్యం చాలావరకు తగ్గేది. వెయ్యి గింజల బరువు తీసే తరాజు ప్రతి కేంద్రంలోనూ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు, తెలంగాణలో విస్తరణాధికారుల పంట నమోదు విస్తీర్ణాన్ని మునుపటి కన్నా వేగంగా తెలియజేస్తున్నాయి. దిగుబడి విషయంలో అటువంటి క్షేత్రస్థాయి సంకేతం ఇంకా లేదు.

మూడవది విశ్వవిద్యాలయాలకు తమ ఇంటి విషయం. వాటిలోని మార్కెట్ విశ్లేషణ కేంద్రాలు విత్తే ముందు, కోతకు ముందు ధరల అంచనాలు ప్రకటిస్తున్నాయి. ఆ లెక్కలలోకి వెళ్లే ముఖ్యమైన అంశాలలో ప్రభుత్వ ఉత్పత్తి అంచనా ఒకటి. అందులోని దోషం ధర అంచనాలోకి కూడా ప్రవహిస్తుంది. గత సంవత్సరం ఇదే పంటకు చెప్పిన ధర ఎంత, మార్కెట్ యార్డులో పలికినది ఎంత అన్న వివరం అటువంటి ప్రకటనలలో అరుదు. ప్రభుత్వ అంకెకు దోష పరిమితి కోరే శాస్త్రవేత్తలు ముందుగా తమ ప్రకటనకు ఆ రెండు గడులను చేర్చాలి. వచ్చే యాసంగి ధరల పత్రంలో మొక్కజొన్న వరుస పక్కన, నిరుడు చెప్పిన ధర ఒక గడిలో, నిజామాబాద్ యార్డులో కోత నెలలో పలికిన సగటు ధర మరొక గడిలో ముద్రించవచ్చు.